ఎడమ చేతి వేళ్ళు

బుధవారం, జగ్గయ్యపేట

మా అమ్మాయి మూలపడేసిన ఎలక్ట్రిక్ గిటారును ఇవాళ నందిగామ తీసుకెళ్ళాను. చర్చిలకీ ఆర్కెస్ట్రాలకీ యాంప్లిఫయర్లు బాగుచేసే కరీముల్లా గారికి చూపించాను. గిటారు మోతని బరబరలాడించే ఫజ్ పెడల్ కొత్తగా తెప్పించాను; అది కలిపితే, తీగ ముట్టుకోకముందే గుయ్‌మంటోంది. పెడల్ మీద ఏ నాబ్ ఎంత తిప్పితే ఎంత గోలో కాగితం మీద రాసిచ్చాను.

ఆయన చదివి నవ్వారు. "పెడల్ మంచిదేనండి. తీగల కింద మోత పట్టుకునే ఈ పికప్ సింగిల్ కాయిల్ది. డబల్ కాయిల్ వేస్తే గోల తగ్గుద్ది. వాయించేది మీ బాబేనా అండి?"

"అవునండి," అన్నాను. నాకు కొడుకే లేడు.

"ఏం వాయిస్తాడు?"

"బరువైనవి. నెమ్మదిగా, గోడలు అదిరేట్టు."

"వాటికి డబల్ కాయిల్లోనే రెండు మూడు రకాలున్నాయి. చెయ్యి ఎంత గట్టిగా పడుద్దో వింటేగానీ ఏది వెయ్యాలో చెప్పలేను. బాబుని తీసుకురండి."

గిటారు సంచిలో పెట్టుకుంటుంటే, ఆయన చూపు నా ఎడమ చేతి మీద ఆగింది.

"బాబుకి కుదరకపోతే మీరే వచ్చి వాయించండమ్మా. ఆదివారం మధ్యాహ్నం షాపులో ఎవరూ ఉండరు."

బస్సులో చూసుకున్నాను. తీగలు నొక్కి నొక్కి నాలుగు వేళ్ళ కొనలూ కాయలు కాచాయి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఆయన ఒక్క చూపులో కనిపెట్టారు.

ఇందాక మా వారి నడుముకు రెండు చేతులతో నూనె రాశాను. ఈ వేళ్ళు గరుగ్గా తగల్లేదా? టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఇంకొంచెం గట్టిగా రాయవే," అన్నారు.

ఆదివారం ఎక్కడికని చెప్పి బయలుదేరాలో...