ఎర్ర గీత మీద పాప

మంగళవారం, క్యారీ, అమెరికా.

వాకర్ నుంచి ముందు నేల మీద పడే ఎర్ర లైట్ గీతను దాటుకుంటూ మూడు వారాలుగా మా ఆయన బాగానే నడుస్తున్నారు. పార్కిన్సన్స్‌తో నేలకు అతుక్కుపోయే కాళ్ళు ఆ గీత కనిపిస్తే చాలు, కదిలేవి. ఈ మధ్యాహ్నం మాత్రం లాండ్రీ రూమ్ ముందు ఆగిపోయారు. గీత స్పష్టంగానే ఉంది.

"అడుగు వేయండి," అన్నాను.

"ఎట్లా వేస్తాను సుధా? పాప పడుకుని ఉంది. దాటితే ఎదగదు."

మా ఇంట్లో పిల్లలు లేరు. ఎప్పుడూ లేరు. ఈ జబ్బులో లేనివి కనిపించొచ్చని డాక్టర్ ముందే చెప్పింది, కంగారుపడొద్దంది. అందుకే అక్కడ ఎవరూ లేరని చూపించడానికి నేనే గీత దాటాను.

ఆయన నేలకేసి చూస్తూ మెల్లగా అన్నారు. "కళ్ళు తెరిచింది. నిన్నే చూస్తోంది. వెనక్కి దాటు."

చిన్నప్పుడు పడుకున్న తమ్ముణ్ణి దాటితే అమ్మ ఇలాగే వెనక్కి దాటించేది. వెనక్కి దాటాను. ఆయన వాకర్‌ని గోడవైపు తిప్పుకుని వెళ్ళిపోయారు. కాళ్ళు ఎక్కడా ఆగలేదు.

అది జబ్బే. నాకు తెలుసు. సాయంత్రం బట్టల బుట్టతో అటు వెళ్ళినప్పుడు వాకర్ లైట్ ఆఫ్‌లో ఉంది, గీత కూడా లేదు.

అయినా గోడను రాసుకుంటూ, పక్కనుంచే వెళ్ళాను.