గొర్రెపిల్లకు బొట్టు

14 ఏప్రిల్ 1963, ఆదివారం

తల పగిలిపోతాంది. నార్కట్‌పల్లి టాకీసుల పెద్ద సినిమాకు ముందు చూసిన గొర్రెపిల్ల కార్టూన్‌ను మట్టిబొమ్మతోటి మల్ల తీద్దామని నెల రోజులసంది కూసున్న. బొమ్మకు మా గొర్రెల ఉన్నే అతికించిన. దాన్ని బల్లమీద జరంత జరుపుడు, అడిగి తెచ్చిన సినిమా కెమెరాల ఒక్క ఫోటో తీసుడు, మల్ల జరుపుడు. గట్లయితెనే తెరమీద నడుస్తది.

ఇయ్యాల పగటీలి బువ్వ తినొచ్చేసరికి దాని నుదుట ఇంత కుంకుమ! తుడిస్తె ఉన్ని అంత ఎర్రగయింది. రీలు ఇంక కొంచెమే ఉన్నది. రేపు పొద్దుగాల్నే కెమెరా స్టూడియో మల్లేశానికి ఇచ్చెయ్యాలె. ఇంత దూరం ఉత్త నుదురుతోటి నడిచిన పిల్లకు నడుమల బొట్టెట్లొస్తది?

"ఎవలు పెట్టమన్నరే అవ్వా?" అని ఒర్రిన.

అవ్వ జర సుత బెదరలే. "పొద్దుగాల బల్లకు గా కొసకుండె, ఇప్పుడు నడుమకొచ్చింది. మేతకు బయలెల్లిన జీవాన్ని బొట్టు పెట్టకుంట తోలుతరా బిడ్డా?" అన్నది.

బాపు, అన్న అందరు మట్టితోటి ఆటలేందని నవ్వినోళ్లే. అది నడిచిందన్నది అవ్వ ఒక్కతే. ఇగ ఆమెను ఏమని తిట్టాలె?