పచ్చసొన కోసం రాసిన వీలునామా

మా మేనమామ నార్బర్ట్ విట్కోవ్స్కీ, అమ్మమ్మ అపొలోనియా పెట్టిన కస్టర్డ్ దుకాణంలో, అంటే గుడ్డుసొన కలిపి ఐస్‌క్రీంలా గడ్డకట్టించి అమ్మే చోట, ఆ పచ్చసొననే రద్దు చేశాడు. శనివారం పాత యంత్రం లారీ ఎక్కుతుంది. దాని చోట పొడినీ గాలినీ కలిపి కక్కే కొత్త యంత్రం దిగుతుంది. బోర్డు మీద 'కస్టర్డ్' అన్న మాట మాత్రం చెక్కుచెదరదు.

కాబట్టి మిల్వాకీ నగరం, లింకన్ అవెన్యూ నివాసి, ఇరవై రెండేళ్ల కాజిమిర్ డుడెక్ అనే నేను, స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా, చదివిన ఉద్యమ కరపత్రాల వెలుగులో ఇది రాస్తున్నాను. శనివారం నన్ను నేను పాత యంత్రానికి సైకిలు గొలుసుతో కట్టేసుకుంటాను. తర్వాతి సంగతి చరిత్ర చూసుకుంటుంది. లారీ నడిపే ఎల్మర్ మా పక్కింటివాడే, మంచివాడే. అన్యాయానికి ఎప్పుడూ మంచివాళ్లే బండి తోలతారు.

1. పాత యంత్రం నాది కాదు. అయినా సర్వహక్కులతో ఈ వీధి ప్రజలకు రాసిస్తున్నాను. అది నిదానంగా తిరుగుతుంది, గాలిని లోపలికి రానివ్వదు. అందుకే దాని కస్టర్డ్ నాలుక మీద పట్టులా పరుచుకుంటుంది. జూలై ఎండలో కారు బానెట్ మీద కూర్చుని తినేవాణ్ణి కూడా కరిగిపోతానంటూ తొందరపెట్టదు. "గాలికేం ఖర్చురా, ఊరికే వస్తుంది" అంటాడు మామయ్య. ఊరికే వచ్చేదాన్ని అమ్మే హక్కు ఎవడిచ్చాడు?

2. మామయ్యకు నా కరపత్రాలన్నీ. కొత్త యంత్రం కాలు కింద ఎత్తుకు పెట్టుకుంటాడని తెలుసు. అయినా ఇస్తున్నాను.

3. ఎదురింటి క్లారా నోవాక్ గారికి నా పొడుగు చెంచా. కొత్త సరుకు రుచి చూడమని మామయ్య కప్పులు పంచినప్పుడు, "నార్బర్టూ, ఇది తినేదా, ఊదేదా?" అని అడిగింది ఆవిడొక్కతే. మిగతావాళ్లు "బాగానే ఉందండీ" అని, కప్పులు సగంలో వదిలేసి ఇళ్లకు పోయారు. మా వీధివాళ్లు మర్యాద కోసం మట్టినైనా మెచ్చుకుంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన మామయ్య ఆ మెప్పు నమ్మి యంత్రం కొన్నాడు.

4. చెల్లెలు వాండాకు, ఏ రోజు అమ్మే రుచి ఆ రోజు రాసే నల్లబల్ల, సుద్దముక్క. శనివారం వంతు వెన్నా పీకన్ పప్పులది. ఏం జరిగినా అదే రాయాలి.

5. మామయ్య భార్య బెర్నిస్ అత్తయ్యకు నా చలికోటు. పొద్దున్నే గుడ్లు కొట్టి, సొన అరచేతిలో నిలిపి, తెల్లది చర్చి వాళ్ల కేకులకు పంపేది ఆవిడే. చల్లగదిలో ఆవిడ చేతులు కొంకర్లు పోతాయి. "నువ్వేం మాట్లాడవేం అత్తయ్యా?" అని నిలదీశాను. "ముందా గుడ్ల బుట్ట అందుకో" అంది. మౌనం అంగీకారమని కరపత్రంలో ఉంది. కోటు మాత్రం ఆవిడకే.

6. కొత్త యంత్రానికి ఏమీ లేదు.

మర్యాదలు ఇంట్లో వదిలేసి, అందరూ శనివారం పదింటికి దుకాణం ముందు చేరాలి.

1956 జూలై 12, గురువారం
(సం) కాజిమిర్ డుడెక్

సాక్షులు:
ఎల్మర్ రష్, లారీ డ్రైవరు. చదవకుండానే సంతకం పెట్టాను.

బెర్నిస్ విట్కోవ్స్కీ. నాకు కోటు రాశాడు కాబట్టి నా సాక్ష్యం చెల్లదట. చెల్లకపోతే మానె. శనివారానికి గుడ్లు రెట్టింపు తెప్పించాను. లారీ వచ్చేది పదింటికి కాదు, తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకల్లా రండి. చెంచాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి.