ఆయన కోసం ప్రార్థన

శుక్రవారం, రాత్రి

రేపు చర్చిలో మా ఆయన సంవత్సరీకం పూజ. పొద్దున లేసు అల్లుకుంటుంటే కోడలు గ్రేస్ వచ్చి పక్కన కూర్చుంది. తన పుట్టింటివాళ్ళు మాలా కథోలికులు కారు, వేరే క్రైస్తవ సంఘం.

"అత్తయ్యగారూ, చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యొచ్చని ఎక్కడుందండి?" అని నెమ్మదిగా అడిగింది.

మా బైబిల్లోని మక్కబీయుల గ్రంథంలో ఉందన్నాను. ఆ గ్రంథం వాళ్ళ బైబిల్లో లేదంది.

"ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన కోసం జపమాల చెప్పానమ్మా. పోయారని ఎలా మానేస్తాను? దేవుడి దగ్గర ఆయన ఇంకా ఉన్నట్టే కదా" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. పిల్ల నొచ్చుకుందేమోనని మధ్యాహ్నమంతా ఒకటే బెంగ. ఫాదర్‌గారైతే ఇంకా బాగా చెప్పేవారు.

సాయంత్రం తనే వంటింట్లోకి వచ్చింది. "మామయ్యగారిని నేను చూడలేదు కదండీ. ఆయన కోసం దేవుణ్ణి ఏమని అడగాలి?" అంది.

నేను ఆయన సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. రొయ్యల కూరలో మామిడికాయ లేకపోతే అలగడం, నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు వెళ్ళిపోతే గట్టున పాట పాడుకుంటూ కూర్చోవడం... గ్రేస్ నవ్వుతూ వింది.

నమ్మకం కుదిరిందో, నా మీద ప్రేమో తెలియదు. ఇప్పుడు పక్క గదిలో రేపటి పూజకి నా చీరతో పాటు తన చీరకూ ఇస్త్రీ చేస్తోంది.