వాపు దిగిన కాలు

ఏవండీ,

డబ్బింగుకి ఫిల్మ్ నగర్ వెళ్తున్నాను. నిద్రపోతున్నారని లేపలేదు. అన్నం, బీరకాయ పప్పు మూతపెట్టి ఉంచాను. తిన్నాక రక్తం పలచబడే మాత్ర వేసుకోండి. ఒళ్లునొప్పులకని వేరే మాత్ర ఏదీ మింగకండి, ఇప్పుడు రక్తం కారితే ఓ పట్టాన ఆగదని డాక్టరుగారు మరీమరీ చెప్పారు. బ్లేడు ముట్టుకోకండి. గడ్డం ఉన్నా బాగానే ఉన్నారు.

ఆ జ్వరంతో వానపాటలో డాన్సుకి వెళ్లొద్దంటే, "వైరల్ జ్వరమే కదా పుష్పా, అదే పోతుంది" అన్నారు. అది పోలేదు. ఊపిరితిత్తులు వాచాయి. ఆ జబ్బుతో రక్తం చిక్కబడి కాలి నరంలో గడ్డకట్టి, కాలు వాచింది. నా మాట వినలేదన్న కోపం ఇంకా ఉంది.

కానీ పొద్దున దుప్పటి సర్దుతూ మీ కాలు చూశాను. వాపు దిగి చీలమండ ఎముక కనబడుతోంది. చూస్తూ అలాగే కూర్చుండిపోయాను, అందుకే నాకీ ఆలస్యం.

పుష్పకుమారి

నిన్న మీ డాన్సు మాస్టరుగారు వీధిలో కనబడి, "దేవకుమార్ చోటు ఎవరికీ ఇవ్వనమ్మా, పూర్తిగా నయమయ్యాకే రమ్మను" అన్నారు. చెబితే లేచి గంతులేస్తారని దాచాలనుకున్నాను, నావల్ల కాలేదు. మంచం మీద కూర్చునే సంతోషించండి.