పేరు చెప్పని ప్రార్థన

ముత్తుకూరు,
మంగళవారం

పెద్ద సార్‌కు, మీ దగ్గరే అఆలు దిద్దిన రోజారమణి నమస్కారాలు.

గొంతు ఆపరేషన్ బాగా జరిగిందనీ, నెలపాటు మాట్లాడకూడదన్నారనీ మీ అబ్బాయి సుశీల్ కుమార్ చెప్పాడు. ఫోను చేస్తే మీరు వినగలరు గానీ తిట్టలేరు. నన్ను మీరు తిట్టాలి సార్. అందుకే రాస్తున్నాను.

వేలూరు ఆస్పత్రికి వెళ్లే ముందు మన బడిలో ఉదయం ప్రార్థన నాకు అప్పగించారు. "నీది మా మతం కాదు గదమ్మా, ఇబ్బందైతే చెప్పు" అని అడిగారు కూడా. "నాకేం ఇబ్బంది సార్, దేవుడు ఎవరైతే ఏంది" అని గొప్పగా అన్నాను. మిషన్ బడిలో చిన్నప్పటి నుంచీ విన్న మాటలే, కంఠతా వచ్చు. నిజం చెప్పాలంటే, మైకు పట్టుకుని అందరి ముందూ నిలబడాలన్న సరదా. నమ్మకం ఉందా లేదా అని నన్ను నేను అడుక్కోలేదు.

రెండు వారాల కిందటి గాలివానకు, చిన్నపోలయ్య చేపల వేటకు పోయిన పడవ తిరిగి రాలేదు. మన అయిదో తరగతి బిందు వాళ్ల నాయన. మర్నాడు ఇంట్లో వద్దంటున్నా ఆ పిల్ల బడికొచ్చింది. అసెంబ్లీలో నా కొంగు పట్టుకుని, "మిస్సూ, మా నాయన పేరు చెప్పి ప్రార్థన చెయ్యండి. పెద్ద సార్ అయితే పేరుతోనే చేస్తాడు" అంది.

అవును, జలుబు చేసిన పిల్ల కోసం కూడా మీరు పేరు చెప్పే ప్రార్థిస్తారు. కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నాను. చిన్నపోలయ్య పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నేను పడవల ఇంటి పిల్లని సార్. మా నాయన వేటకు పోతే, తిరిగొచ్చి గడపలో కాలు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తకూడదు. "పేరెత్తితే సముద్రానికి ఇనపడతాదే, నోరు మూసుకో!" అని మా అమ్మ నా నెత్తిన మొట్టేది. బీఈడీ చదివాను, మూఢనమ్మకాలు తప్పని పిల్లలకు సైన్సు పాఠం చెబుతాను, అయినా నోరు పెగల్లేదు. "సముద్రంలో ఉన్న వాళ్లందరినీ కాపాడు" అని గబగబా ముగించి ఆమెన్ అనేశాను.

ఆ సాయంత్రమే పడవ దొరికింది. మిగతా వాళ్లు బతికి వచ్చారు. చిన్నపోలయ్య శవమై వచ్చాడు.

కర్మలయ్యాక బిందు మళ్లీ బడికొచ్చి నన్నే వెతుక్కుంటూ వచ్చింది. "మా నాయన పేరు చెప్పలా గదా మిస్సూ. అంతమందిలో మా నాయన ఎవరో దేవుడికి ఎట్టా తెలస్తాది?" అంది. ఏడవలేదు. అర్థం కాని లెక్క అడిగినట్టే అడిగింది. నేను స్టాఫ్ రూములోకి పారిపోయాను.

మీ దేవుణ్ణి నమ్మి ఉంటే పేరు చెప్పేదాన్ని. నమ్మనిదాన్ని ఆ మైకు ముందు నిలబడి ఉండకూడదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఆ పిల్లని ముంచాను సార్. ప్రార్థన నుంచి నన్ను తప్పించండి. కావాలంటే ఉద్యోగం నుంచి కూడా.

మీ
రోజారమణి


వేలూరు,
శుక్రవారం

అమ్మా రోజా,

గొంతు లేకపోయినా తిట్టడానికి చెయ్యి బాగానే ఉంది.

ముందు నన్ను నేనే తిట్టుకోనీ. గంట కొట్టించడం, హాజరు తీసుకోవడం అప్పగించినట్టే నీకు ప్రార్థన కూడా అప్పగించాను. మిషన్ బడిలో టీచరన్నాక ప్రార్థన చేయించాల్సిందేనని కమిటీలో పోట్లాడి నిబంధన పెట్టించింది నేనే. పెద్దలు చేస్తేనే గదా పిల్లలు చేస్తారనుకున్నాను. ఇబ్బందైతే చెప్పమని నిన్ను అడిగాను గానీ, హెడ్మాస్టరు అడిగితే ఎవరు కాదంటారమ్మా? ఇక మీదట మనసున్న వాళ్లే చేస్తారు. ఎవరూ లేకపోతే పిల్లలు కాసేపు ఊరికే నిలబడతారు, కొంపేం మునగదు. కమిటీకి రాసేశాను.

ఇక నీ సంగతి. పేరు చెప్పలేదని ఒక మనిషిని వదిలేసేంత తెలివితక్కువ దేవుణ్ణి గురించి నేను నీకెప్పుడైనా చెప్పానా? నీ తప్పు అది కాదు. పిల్ల ప్రశ్న అడిగితే పంతులమ్మవై ఉండి పారిపోయావు చూడు, అదీ తప్పు. ఇది చదవగానే లేచి వాళ్లింటికి పో. నాలుక ఎందుకు ఆగిందో ఉన్నదున్నట్టు చెప్పు. ఉద్యోగం మానే ముచ్చట తర్వాత.

హెబ్రోను


ముత్తుకూరు,
బుధవారం

సార్,

వెళ్లాను. బిందు నాయనమ్మ కామాక్షమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. బిందుని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. "దేవుడికి తెలియదని కాదు బిందూ, నేనే భయపడ్డాను. పేరెత్తితే మీ నాయనకేమన్నా అవుతుందేమోనని" అన్నాను.

"మేమూ ఎత్తలేదమ్మా," అంది కామాక్షమ్మ. "మా కోడలు నోట్లో కొంగు కుక్కుకోని ఏడిసినాది గానీ పేరెత్తలా. నువ్వూ మాలో పిల్లవే గదా, ఎట్టా ఎత్తుతావు?" కొడుకు పోయిన మనిషి నా చెయ్యి పట్టుకుని ఓదార్చింది సార్. నాకు సిగ్గేసింది, ఏడుపాగలేదు.

బిందు మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. తర్వాత, "మా నాయన ఇంక సముద్రంలో లేడు గదా మిస్సూ. ఇప్పుడు చెప్పొచ్చా?" అని అడిగింది.

ఈసారి పారిపోలేదు. చెప్పొచ్చన్నాను.

ఈ ఉదయం అసెంబ్లీలో మైకు దాని చేతికిచ్చి, నేను వెళ్లి పిల్లల వరస వెనక నిలబడ్డాను. "మా నాయన చిన్నపోలయ్య" అంది. ఇంకేమీ రాలేదు దానికి. మళ్లీ ఆ పేరే చెప్పింది, ఇంకాస్త గట్టిగా. సముద్రం దాకా వినపడాలన్నట్టు చెప్పింది. పిల్లలంతా ఆమెన్ అన్నారు.

నేనూ అన్నాను. నా తప్పు తీరిపోయిందని కాదు సార్, రోజూ ఆ పిల్ల మొహం చూసి పాఠం చెప్పాలి గదా. ఎవరికి అన్నానో మాత్రం అడగకండి.

రోజారమణి