చిన్నకన్ను

మార్చి 3, సోమవారం

అన్నయ్యకు చెప్పేశాను. ఇక విగ్రహాలకు కళ్లు పెట్టను.

పోయిన నెల బాప్తిస్మం తీసుకున్నాను. ఆదివారం ప్రార్థనకు వెళ్తుంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇది వేరు. నాన్న పోయాక కళ్లు గీసే సన్నకుంచె నాకొచ్చింది. అన్నయ్యకు చేతులు చెమటలు పడతాయి, ఆయన పని మూసలో ప్లాస్టరు పోయడం వరకే.

ఏమే చిన్నకన్నూ, బొమ్మను నునుపు చేస్తావు, చీరకు రంగేస్తావు, కళ్ల దగ్గరికొచ్చేసరికి నీ దేవుడు అడ్డొచ్చాడా అన్నాడు. నా కుడికన్ను ఎడమదానికంటే కాస్త చిన్నది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన నన్ను అలాగే పిలుస్తాడు.

కళ్లు పెట్టేదాకా అది ప్లాస్టరు, పెట్టాక జనం మొక్కుతారు, ఆ గీత నేను గీయలేనన్నాను.

అయితే మా కళ్లల్లో కారం కొట్టెయ్, ఒక పనైపోతుంది అన్నాడు.

మార్చి 5

మా విగ్రహాల షెడ్డులో అమ్మవారు నిలబడి ఉంది. రంగులన్నీ అయ్యాయి. కళ్ల చోట తెల్లగా ఖాళీ. ఈ ఒక్కటీ నచ్చితే గుడి కమిటీ పనంతా మాకే. నచ్చకపోతే షెడ్డు మూతే.

మార్చి 6

పాస్టరుగారు షెడ్డు పనే మానేయమన్నారు. మానేసి ఎక్కడికి పోవాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మార్చి 9, ఆదివారం

ప్రార్థన నుంచి వచ్చేసరికి అన్నయ్య పాత విగ్రహం తలకాయ ఒకటి ముందేసుకుని ప్రాక్టీసు చేస్తున్నాడు. ఎడమకన్ను పరవాలేదు. కుడిది జత కుదరలేదు. తుడిచాడు, గీశాడు, మళ్లీ తుడిచాడు. వదిన చూసి, ఒక కన్ను భక్తుల మీద, ఇంకోటి చందా డబ్బా మీద ఉందే అంది. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

మార్చి 11

కమిటీ పెద్దాయన వస్తున్నాడని పొద్దున్నే అన్నయ్య నన్ను పక్కకు పిలిచాడు. అబద్ధం ఆడమనడం లేదు, ఆయన అడిగితే నోరు మూసుకో చాలు, తర్వాత నా తంటాలు నేను పడతానన్నాడు.

పెద్దాయన విగ్రహం చుట్టూ తిరిగి చూశాడు. మీ నాన్న మొక్కుకుని కుంచె పట్టేవాడమ్మా, నువ్వూ అంతేగా అని అడిగాడు. అన్నయ్య దగ్గాడు. ఊరుకుంటే సరిపోయేది.

లేదండీ, నేను క్రీస్తును నమ్ముకున్నాను, కళ్లు నేను పెట్టడం లేదన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆయనకు కోపం రాలేదు. దాచకుండా చెప్పావు తల్లీ, మొక్కని చేత్తో పెట్టిన కళ్లు మాకూ వద్దు అన్నాడు. అన్నయ్య వైపు తిరిగి, నువ్వు మొక్కుతావుగా, నువ్వే పెట్టు, శనివారం వస్తాం, బాగుంటే తీసుకెళ్తాం అన్నాడు. బాగోకపోతే సంగతి చెప్పలేదు.

మార్చి 12

అన్నయ్య మాట్లాడటం లేదు. నీ నిజాయితీ నీ ఒక్కదానికే నష్టమైతే బాగుండేది అమ్మాయీ అంది వదిన.

మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేరు. కుంచె తీశాను. రంగులో ముంచాను కూడా. ఒక్క ఊపిరి పట్టి గీసే పని. అన్నయ్యే గీశాడనుకుంటారు.

కుంచె కడిగి పెట్టేశాను.

మార్చి 13

పూలకుండీలకు రంగు వేస్తున్నాను. అన్నయ్య ఎదురుగా స్టూలు లాక్కుని, ఒళ్లో అట్ట, చేతిలో పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నకన్నూ, తల ఎత్తు, కదలకు అన్నాడు.

ఆ పిలుపు విని ప్రాణం లేచొచ్చింది. ఆయన గీసినంతసేపూ అలాగే ఉన్నాను.

కుడిది గీసేటప్పుడు ఎడమదాన్ని చూడకూడదు, ముక్కును చూడాలి. నాన్న నాకు చెప్పిన కిటుకు. నోటిదాకా వచ్చింది. చెప్పడం కూడా కళ్లు పెట్టడమేనేమో. చెప్పలేదు.

మార్చి 15, శనివారం

అమ్మవారిని తీసుకెళ్లారు. పెద్దాయన చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నాళ్లూ చూశాం, ఇలా మనిషిలా చూసే అమ్మవారిని చూడలేదన్నాడు. వచ్చే ఏడాది పని కూడా ఖాయం చేశాడు.

లారీ ఎక్కించేటప్పుడు అమ్మవారి ముఖం మీది ముసుగు తొలగింది. ఈ చూపు ఎక్కడో చూశానే అంది వదిన.

కుడికన్ను ఎడమదానికంటే కాస్త చిన్నది.

అన్నయ్య తాళ్లు బిగిస్తున్నాడు. నా వైపు తిరగలేదు.

మార్చి 16, ఆదివారం

ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నారు. నాకు మూసుకోవడానికి చాలాసేపు పట్టింది.